సెస్నా 172 కంట్రోల్ కేబుళ్లు: గాల్వనైజ్డ్, స్టెయిన్‌లెస్ రెండూ ఏళ్ల తరబడి వాడాక

పైలట్ తిప్పే చక్రాన్ని రెక్కల, తోక మీది కదిలే పలకలతో కలిపే ఉక్కు తాళ్లే కంట్రోల్ కేబుళ్లు. సముద్రానికి దూరంగా ఎగిరే శిక్షణ విమానానికి అవి కొత్తవి వేయాల్సి వస్తే నా ఓటు గాల్వనైజ్డ్ ఉక్కుకే, అంటే పూత వేసిన ఉక్కుకే. హైదరాబాదులో ఫ్లయింగ్ స్కూలు వాడే చిన్న శిక్షణ విమానాలైన సెస్నా 172లకు నిర్వహణ ఇంజినీరుగా రెండు రకాలూ బిగించాను, ప్రతి తనిఖీలో తడిమి చూశాను, అరిగిపోయాక నా చేతులతోనే బయటికి లాగాను. కొత్తలో మెరిసే స్టెయిన్‌లెస్‌ను చూస్తే ఎవరికైనా అదే మేలనిపిస్తుంది. కప్పీల మీద నడవడం మొదలయ్యాక లెక్క మారుతుంది.

చిన్న విమానాల్లో ఎక్కువగా వాడే కేబుల్ మందం అంగుళంలో ఎనిమిదో వంతు. 19 తీగల చొప్పున పేనిన ఏడు పేటలు కలిపితే ఒక కేబుల్, అంటే లోపల 133 సన్నని తీగలు. ఈ మందంలో గాల్వనైజ్డ్ రకం కనీసం 2,000 పౌండ్ల లాగుడు తట్టుకోవాలి, స్టెయిన్‌లెస్ 1,760 పౌండ్లు తట్టుకుంటే చాలు. పైలట్ చేతి బలానికి రెండూ ఎంతో ఎక్కువే కాబట్టి ఈ తేడా చూసి ఎంచుకోనక్కర్లేదు. అసలు తేడా అరుగుదలలో ఉంది. శిక్షణ విమానం రోజంతా రన్‌వే చుట్టూ తిరుగుతూ దిగుతుంది, లేస్తుంది. కొత్త విద్యార్థి చేతిలో ఐలెరాన్, అంటే విమానాన్ని పక్కకు వంచే రెక్క చివరి పలక, ఒక్క క్షణం కుదురుగా ఉండదు. తలుపు పక్క స్తంభం మీదుగా రెక్కలోకి మలుపు తిరిగే చోట కేబుల్ అదే కప్పీ మీద అదే ముక్కతో మళ్లీ మళ్లీ రుద్దుకుంటుంది. అక్కడ స్టెయిన్‌లెస్ పైతీగలు ముందుగా బల్లపరుపు అయ్యాయి. తగరం లేదా జింకు పూత ఉన్న గాల్వనైజ్డ్ కేబుళ్లు అదే పనిలో నిదానంగా అరిగాయి.

తీరప్రాంతంలో ఈ మాట తిరగబడుతుంది. ఉప్పుగాలికి జింకు పూత కరిగిపోతే లోపలి పేటల్లో తుప్పు మొదలవుతుంది, పైకి మాత్రం కేబుల్ బాగానే కనబడుతుంది. విశాఖ లాంటి చోట విమానం ఉంచేవారికి స్టెయిన్‌లెస్సే సరైనది, తనిఖీలు కాస్త దగ్గర దగ్గరగా పెట్టుకోవాలి. అయితే స్టెయిన్‌లెస్ అంటే చావు లేనిదని నమ్మవద్దు. కేబుల్ చివర నొక్కి బిగించే టెర్మినళ్లలో 303 ఎస్ఈ అనే స్టెయిన్‌లెస్ రకం ఒత్తిడి, తుప్పు రెండూ కలిసినప్పుడు చీలికలు వచ్చి విరుగుతుంది. ఈ కారణంతోనే ఆ టెర్మినళ్లున్న ప్రధాన కంట్రోల్ కేబుళ్లను 15 ఏళ్లకు తీసేయాలని ఆస్ట్రేలియా విమానయాన నియంత్రణ సంస్థ ఆదేశించింది. అందుకే పాత విమానం కొనేవారు ఎవరు అడిగినా కేబుల్ మధ్యభాగం చూడటంతో ఆగకుండా టెర్మినల్ మొదలును భూతద్దంతో చూడమంటాను.

తనిఖీకి నేను నమ్మే పరికరం పాత నూలు గుడ్డ. కంట్రోల్‌ను ఒక చివర నుంచి మరో చివరకు తిప్పిస్తూ, కప్పీ వెనక దాక్కునే భాగం కూడా బయటికి వచ్చేలా చూసి, గుడ్డతో పొడవునా తుడవాలి. తెగిన తీగ ఉంటే గుడ్డ పోగు పట్టుకుంటుంది. అనుమానం వస్తే కేబుల్ విప్పి మెల్లగా వంచి చూడాలి, లోపల తెగినవి అప్పుడే పైకి లేస్తాయి. కిరోసిన్‌లోనో మరే ద్రావకంలోనో ముంచి కడిగే అలవాటు కొన్ని చోట్ల చూశాను. చూసిన ప్రతిసారీ బాధేస్తుంది. పేటల మధ్య తయారీలో పెట్టిన కందెన అంతా దాంతో పోతుంది, ఆ తర్వాత తీగ తీగనే కోసుకుంటుంది.

మార్చే పనిలో కష్టమంతా దారి తప్పకుండా లాగడంలోనే ఉంది. పాత కేబుల్ కొసకు గట్టి దారం కట్టి, పాతదాన్ని లాగుతుంటే ఆ దారం దాని దారిలోకి వస్తుంది. తర్వాత అదే దారంతో కొత్త కేబుల్‌ను వెనక్కి తెచ్చుకోవాలి. ప్రతి కప్పీ దగ్గర కేబుల్ గాడిలో కూర్చుందో లేదో, జారిపోకుండా ఆపే కాటర్ పిన్ తిరిగి పడిందో లేదో అద్దం పెట్టి చూడాలి. గాడి వంకరగా అరిగిన కప్పీని కొత్త కేబుల్ కింద ఎన్నడూ ఉంచను, కేబుల్ ధర ముందు కప్పీ ధర ఎంత? ఒకసారి ఒక సరఫరాదారు పంపిన కేబుళ్లకు విడుదల పత్రం, అంటే అవి విమానంలో వాడదగినవని ధ్రువీకరించే కాగితం, లేదు. పని రెండు వారాలు ఆగినా ఫర్వాలేదని తిప్పి పంపాను.

బిగింపు దగ్గర మా మాన్యువల్ ఐలెరాన్ కేబుల్‌కు 40 పౌండ్లు, పది అటూ ఇటూగా చెబుతుంది. మన ఎండల్లో ఈ అంకె మీద శ్రద్ధ పెట్టాలి. విమానం ఒళ్లు అల్యూమినియం, కేబుల్ ఉక్కు. వేడికి అల్యూమినియం గాల్వనైజ్డ్ ఉక్కుతో పోలిస్తే దాదాపు రెండింతలు సాగుతుంది, దాంతో కేబుల్ బిగుసుకుంటుంది. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన విమానానికి కొలిచి వదులు చేస్తే, జనవరి తెల్లవారుజామున కేబుల్ వేలాడుతుంది. హ్యాంగర్ నీడలో విమానం చల్లబడే దాకా ఆగి కొలుస్తాను. కేబుల్ బిగింపు సర్దే మరల గొట్టం టర్న్‌బకిల్. దాని బయట మూడు మరలకు మించి కనబడకూడదు, సేఫ్టీ వైర్ పడేదాకా పని అయినట్టు కాదు.

ఇక కేబుల్ పలకను ఏ దిశలో కదుపుతుందన్నది. 2003 ఆగస్టులో అమెరికాలోని హయానిస్ నుంచి ఒక బీచ్ 1900డీ విమానం, ఎలివేటర్ ట్రిమ్ (విమానం ముక్కు పైకీ కిందికీ వాలకుండా సర్దే తోక పలక) కేబుల్ మార్చాక మొదటిసారి లేచి సముద్రంలో కూలింది. ఇద్దరు పైలట్లూ చనిపోయారు. ట్రిమ్ తిప్పిన వైపుకు బదులు ఎదురు దిశలో పనిచేసింది, నిర్వహణ మాన్యువల్‌లోని బొమ్మే తిరగేసి ఉంది, ఎగరడానికి ముందు పరీక్షలో అది పట్టుబడలేదు. అందుకే ఈ పని చేసిన మనిషి కాకుండా మరో అర్హత గల మనిషి విడిగా చూసే రెండో తనిఖీని నేను తంతుగా భావించను. చక్రం కుడికి తిప్పి, కుడి ఐలెరాన్ పైకి లేచిందని బయట నిలబడ్డ వ్యక్తి గట్టిగా చెప్పే దాకా సంతకం పెట్టను.

కొత్త కేబుళ్లను తయారీలోనే లాగి సాగదీసి ఇచ్చినా, మొదటి కొన్ని గంటల ఎగురుదలలో అవి ఇంకాస్త సర్దుకుంటాయి. తర్వాతి షెడ్యూల్ తనిఖీ దాకా ఆగకుండా మధ్యలోనే ఒకసారి బిగింపు కొలిచే టెన్షన్ మీటర్ పెట్టించండి. గాల్వనైజ్డ్ వేసినా, స్టెయిన్‌లెస్ వేసినా నాకు ఆ కొలతలో ప్రతిసారీ కొంత వదులు కనబడింది.