లివర్‌పూల్ వాకింగ్ టూర్: నాలుగు స్టార్లు

ఊరి నుంచి వచ్చిన మావయ్యగారిని తీసుకెళ్లాను. టూర్ 20 నిమిషాలు లేటు, పైగా గాలికి గైడ్ మాటలు సగం వినబడలేదు. కానీ లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో హిల్స్‌బరో స్మారకం దగ్గర మాత్రం గైడ్ అస్సలు తొందరపెట్టలేదు.

అక్కడ చనిపోయిన 97 మంది లివర్‌పూల్ అభిమానుల పేర్లున్నాయి. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో ఫుట్‌బాల్ మ్యాచ్ దగ్గర తొక్కిసలాట జరిగితే, అభిమానుల తప్పేం లేదని జ్యూరీ తేల్చింది 2016లో! 2025 సెప్టెంబరులో పార్లమెంటులో పెట్టిన బిల్లు గురించీ చెప్పాడు: అధికారులు నిజం దాచకూడదు, మరణ విచారణలో ప్రభుత్వ సంస్థ ఉంటే బాధిత కుటుంబాలకు లాయరు ఖర్చు ప్రభుత్వానిదే.

"మరి అప్పుడు లాయరు ఖర్చు ఎవరిచ్చారు?" అన్నారు మావయ్యగారు.

"ఆ కుటుంబాలవాళ్లే తలా కొంత వేసుకున్నారు" అన్నాడు గైడ్.

దారిలో టాయిలెట్ లేదు, పెద్దవాళ్లతో వెళ్తే చూసుకోండి.