నునుపు గచ్చు మీద ముసలి కుక్క: మ్యాట్లు, పరుపులు, హార్నెస్‌ల సమీక్ష

పదేళ్లు దాటిన ల్యాబ్రడార్ పొద్దున్నే టైల్స్ మీద నుంచి ఎలా లేస్తుందో పక్కన కూర్చుని చూడండి. ముందుకాళ్లు చాచి ఛాతీ పైకెత్తుతుంది. వెనక కాళ్ల మీద బరువు పడగానే గోళ్లు టక టకమని గీరుకుంటాయి, పాదాలు చెరో పక్కకీ జారిపోతాయి, నడుము మళ్లీ కూలబడుతుంది. కాసేపు నోరు మూసుకుని, చెవులు వెనక్కి పెట్టుకుని ఆగుతుంది. మళ్లీ ప్రయత్నిస్తుంది. మూడోసారికి లేస్తుంది.

అలా జారిన ప్రతిసారీ వాచి ఉన్న తుంటి కీలు, మోకాలు పక్కకి గుంజుకుంటాయి. వారం రోజులు మందు వేసి తగ్గించిన నొప్పి ఒక్క జారుడుతో తిరిగొస్తుంది. పైగా రెండు మూడుసార్లు పడ్డ కుక్క లేవడానికే భయపడుతుంది. లేవకపోతే కండ కరుగుతుంది, కండ కరిగితే కీలు మీద భారం పెరుగుతుంది. కాబట్టి కీళ్లనొప్పి కుక్కల కోసం అమ్మే సామాన్లలో మొదటి డబ్బు నేల మీద పెట్టాలి. పరుపు ఆ తర్వాత. డబ్బాల్లో వచ్చే పొడులు అన్నిటికంటే వెనక. ఈ సమీక్ష కూడా అదే వరసలో ఉంటుంది.

మ్యాట్లు

మన ఇళ్లలో గ్రానైట్, మార్బుల్, విట్రిఫైడ్ టైల్స్ ఎక్కువ. మూడూ కుక్క పాదానికి పట్టు ఇవ్వవు. పాలిష్ పెట్టని తాండూరు, బేతంచెర్ల రాళ్లు పరిచిన పాత ఇల్లయితే కొంత నయం. మిగతా ఇళ్లలో ఏదో ఒకటి పరచక తప్పదు.

అన్నిటికంటే బాగా పనిచేసేది పెట్ షాపులో దొరకదు. ఎలక్ట్రికల్ సామాన్ల షాపులో దొరుకుతుంది. స్విచ్‌బోర్డుల ముందు వేసే గీతల రబ్బరు మ్యాట్ అది. మీటరు వెడల్పు రోల్ నుంచి ఎంత కావాలంటే అంత కోసిస్తారు. 3 మి.మీ. మందం చాలు. తన బరువుకే నేలను అంటుకుని ఉంటుంది, అంచు లేవదు, మూత్రం పడితే తుడిస్తే పోతుంది. గీతలు కుక్క నడిచే దారికి అడ్డంగా ఉండాలి, నిలువుగా వేస్తే పట్టు సగమే. కొత్తలో రబ్బరు వాసన గట్టిగా వస్తుంది. సబ్బునీళ్లతో కడిగి, రెండు రోజులు నీడన గాలికి ఆరేశాక పరవండి. ఎండలో పెట్టకండి, రబ్బరు బిగుసుకుపోయి పగుళ్లు వస్తాయి.

యోగా మ్యాట్ రెండో ఎంపిక. 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 4 నుంచి 6 మి.మీ. మందం ఉన్నది తీసుకోండి. పెద్ద కుక్కకైనా ఆ వెడల్పు సరిపోతుంది. పీవీసీతో చేసింది టైల్‌ని పట్టుకుంటుంది. తేలిగ్గా స్పాంజిలా ఉండే ఈవీఏ రకాన్ని గోళ్లు నెల తిరక్కుండా చీల్చేస్తాయి, ఊడిన ముక్కల్ని కొన్ని కుక్కలు నమిలి మింగుతాయి కూడా. ఏ రకమైనా చుట్టి అమ్ముతారు కాబట్టి కొసలు పైకి లేస్తాయి, కాలు ఈడ్చే కుక్క గోరు సరిగ్గా అక్కడే తగులుకుంటుంది. తిరగేసి చుట్టి ఒక రాత్రి ఉంచితే చదునవుతుంది. కొసల్ని సోఫా కాలి కిందకో, తలుపు మూలకో దూర్చగలిగితే ఇంకా మంచిది.

పిల్లల గదుల్లో వేసే పజిల్ ఫోమ్ పలకలు వద్దు. చూడ్డానికి మెత్తగా, కీళ్లకి హాయిగా ఉన్నట్టుంటాయి. కానీ 12 మి.మీ. ఫోమ్‌లో పాదం దిగబడుతుంది, మెత్తటి ఇసుకలో నడిచినట్టు తూలుతుంది. వెనక కాళ్లలో బలం తగ్గిన కుక్కకి ఇది టైల్ కంటే పెద్దగా మెరుగు కాదు. అతుకుల్లోకి మూత్రం దిగితే వాసన వదలదు. జంపఖానా పాదానికి పట్టిస్తుంది గానీ తానే టైల్ మీద జారుతుంది. కింద జారకుండా ఆపే కార్పెట్ జాలీ వేస్తేనే వాడండి. కొబ్బరి పీచు మ్యాట్ గుమ్మం దగ్గర అడుగు పెట్టడానికి బాగుంటుంది. దాని మీద పడుకోనిస్తే మోచేతులు ఒరుసుకుపోతాయి.

కొన్నది ఏదైనా పరీక్ష ఒకటే. పరిచి, కాలి మడమతో అడ్డంగా గట్టిగా తోయండి. అంగుళం కదిలినా వెనక్కి ఇచ్చేయండి. మీ మడమకి కదిలిన మ్యాట్ 30 కిలోల కుక్క లేచేటప్పుడు దాంతోపాటే జారిపోతుంది.

ఇల్లంతా పరవక్కర్లేదు. పడక నుంచి నీళ్ల గిన్నెకి, గిన్నె నుంచి వాకిలికి దారి పడాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. అడుగున్నర ఖాళీ వదిలితే కుక్క అక్కడే జారుతుంది, ఆ తర్వాత ఆ దారిలో రావడమే మానేస్తుంది. మలుపు తిరిగే చోట, మెట్టు దిగి కాలు ఆనించే చోట రెట్టింపు వెడల్పు కావాలి. గిన్నె ముందు తప్పనిసరి. తల వంచి తినేటప్పుడు ముందుకాళ్లు జారే కుక్క సగం తిని వదిలేస్తుంది, ఆకలి తగ్గిందని ఇంట్లోవాళ్లు పొరబడతారు.

మ్యాట్ వేసినా జారుతోందంటే చాలాసార్లు కారణం అడుగునే ఉంటుంది. కింద సన్నటి దుమ్ము చేరితే ఎంత మంచి రబ్బరైనా జారుతుంది. వారానికోసారి తిరగేసి తడిగుడ్డతో తుడవండి. ఫ్లోర్ క్లీనర్ ఎక్కువ కలిపి తుడిచిన టైల్ మీద జిడ్డు పొర నిలుస్తుంది, మామూలు నీళ్లతో ఇంకోసారి తుడిస్తే పోతుంది.

పాదాలు

మ్యాట్లకి డబ్బు పెట్టి గోళ్లు వదిలేస్తే లాభం లేదు. నిలబడ్డప్పుడు గోరు నేలకి తగులుతుంటే పాదం వెనక్కి ఒరుగుతుంది, ఆ వంపు పైనున్న ప్రతి కీలుకీ చేరుతుంది. 10, 12 రోజులకోసారి 1 నుంచి 2 మి.మీ. మాత్రమే తీయండి. ఒకేసారి పొట్టి చేయాలని చూస్తే లోపలి రక్తనాళం తెగుతుంది. కొంచెం కొంచెంగా తీస్తే అదే వెనక్కి జరుగుతుంది. పాదం అడుగు మెత్తల మధ్య పెరిగిన వెంట్రుకల్ని మెత్త మట్టానికి ట్రిమ్మర్‌తో తీసేయండి. పామెరేనియన్, గోల్డెన్ రిట్రీవర్, స్పానియల్ పాదాల్లో ఇవి గుత్తులుగా పెరిగి నున్నటి బ్రష్‌లా అడ్డుపడతాయి.

కుక్క సాక్సులు కొనొద్దు. అడుగున రబ్బరు చుక్కలుంటాయి, పది నిమిషాల్లో సాక్సు తిరిగి ఆ చుక్కలు పాదం పైకొస్తాయి. గోళ్లకి తొడిగే రబ్బరు ఉంగరాలు మేలు, సైజు కుదిరితే. వదులైతే రాలిపోతాయి, బిగిస్తే గోరు మొదట్లో ఒరుపు వస్తుంది. కొన్న మొదటి వారం రోజూ చూడండి.

పరుపు

"ఆర్థోపెడిక్" అన్న మాట చూసి కొనకండి. ఆ మాట ఏ కొలతా చెప్పదు. అడగాల్సినవి రెండు: ఫోమ్ డెన్సిటీ (ఎంత దట్టంగా ఉందో చెప్పే అంకె) ఎంత, మందం ఎంత. చెప్పలేని షాపులో తీసుకోవద్దు.

25 కిలోలు దాటిన కుక్కకి 40 డెన్సిటీ ఫోమ్ 4 అంగుళాలు కావాలి. 15 కిలోల లోపు కుక్కకి 32 డెన్సిటీ 3 అంగుళాలు చాలు. పరుపులు కుట్టే షాపుకి కొలతలు పట్టుకెళ్తే కోసిస్తారు, చాలాసార్లు తయారు పరుపు కంటే తక్కువలో అయిపోతుంది. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా కొలిచి 8 అంగుళాలు కలపండి. కీళ్లనొప్పి ఉన్న కుక్క ముడుచుకోలేదు, కాళ్లు చాచి పక్కకి పడుకుంటుంది.

మెమొరీ ఫోమ్ పైన ఒక అంగుళం ఉంటే బాగుంటుంది. మొత్తం అదే అయితే రెండు ఇబ్బందులు. కుక్క అందులో కూరుకుపోతుంది, లేవడానికి నేల మీద కంటే ఎక్కువ బలం పెట్టాలి. పైగా వేడి పట్టి ఉంచుతుంది. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో, రామగుండంలోనో ఆ పరుపు వేసి చూడండి, కుక్క దాన్ని వదిలి టైల్ మీదకే వెళ్లిపోతుంది. ఎండాకాలంలో పరుపు మీద పలచటి నూలు దుప్పటి వేసి ఫ్యాన్ గాలి తగిలే చోటికి జరపండి. ధనుర్మాసం చలిలో గుమ్మానికి ఎదురుగా లేకుండా చూడండి, చలికి కీళ్లు బిగుసుకుంటాయి.

బూరుగుదూది బొంతలు కొన్నాళ్లు బాగుంటాయి. తర్వాత దూది పక్కలకి పోయి, బరువు పడే చోట గుడ్డే మిగులుతుంది. మోచేయి నేరుగా గచ్చుకి ఆనుతుంది, అక్కడ చర్మం మందమై, ఒక్కోసారి నీరు చేరి మెత్తటి బుడిపె లేస్తుంది. ఏ పరుపైనా మీ మోచెయ్యి ఆనించి బరువంతా వేసి పదంకెలు లెక్కపెట్టండి. నేల గట్టిదనం తగిలిందంటే కుక్క తుంటికీ తగులుతుంది.

లోపలి తొడుగు నీళ్లు దిగని పలచటి గుడ్డ, పైన జిప్ ఉన్న దళసరి నూలు తొడుగు. రెక్సిన్ వద్దు, జారుతుంది, ఉక్కపోస్తుంది. చుట్టూ గట్టు ఉన్న పరుపయితే ఒక పక్క తెరిచి ఉండాలి. ఇనుప ఫ్రేముకి గుడ్డ బిగించిన మంచం రకం గాలికి బాగుంటుంది గానీ, 8 అంగుళాల ఎత్తు ఎక్కలేని కుక్కకి అది దండగ.

లేపడానికి హార్నెస్

వెనక కాళ్లు బలహీనపడ్డ కుక్కకి కడుపు కింద వేసి పైకి పట్టుకునే పట్టీ, అంటే స్లింగ్, అన్నిటికంటే చవక. ఆడకుక్కకి సరిపోతుంది. మగకుక్కకి అది మూత్రం పోసే చోటే నొక్కుతుంది, నిలబెట్టగానే స్లింగ్ తడిసిపోతుంది. మగదానికి రెండు తొడల చుట్టూ వేరువేరుగా పట్టీలొచ్చే హిప్ హార్నెస్ తీసుకోండి. మోచేతి కీళ్లలో కూడా నొప్పి ఉంటే ముందూ వెనకా పిడులున్నది కావాలి. వెనక మాత్రమే ఎత్తితే బరువంతా నొప్పి ఉన్న ముందుకాళ్ల మీదకి పోతుంది.

వాడటంలో జరిగే తప్పు ఎక్కువ ఎత్తడం. వీపు సమంగా ఉండాలి, వెనక పాదాలు నేలకి ఆని అడుగులు వేస్తుండాలి. పాదాలు గాల్లో వేలాడుతుంటే మీరు మోస్తున్నారు, అది నడవట్లేదు. పని కాగానే విప్పేయండి. రోజంతా ఉంచితే చంకల్లో, తొడల లోపల ఒరుసుకుని పుండ్లు పడతాయి. కొనేముందు స్నానం తువ్వాలు పొడవుగా మడిచి, వెనక కాళ్లకి కాస్త ముందు కడుపు కింద వేసి పట్టుకుని చూడండి. దాంతో కుక్క హాయిగా నడిస్తేనే హార్నెస్‌కి డబ్బు పెట్టండి.

కారుకి, మెట్లకి ర్యాంప్ అమ్మేవాళ్లు పొడవు తక్కువవి చూపిస్తారు, డిక్కీలో పడతాయని. మూడు మెట్లు, మొత్తం 45 సెం.మీ. ఎత్తుకి 6 అడుగుల ర్యాంప్ వేస్తే వాలు దాదాపు 15 డిగ్రీలు, అది బాగుంటుంది. 4 అడుగులదయితే 20 డిగ్రీలు దాటుతుంది, దిగేటప్పుడు ముందుకాళ్ల మీద మొత్తం బరువు పడుతుంది. వడ్రంగి చేత 18 మి.మీ. ప్లైవుడ్‌తో చేయించి, పైన అదే గీతల రబ్బరు అతికిస్తే ఏళ్లు నిలుస్తుంది.

పొడులు, నూనెలు, మందులు

గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ డబ్బాల మీద ఖర్చు పెట్టమని చెప్పలేం. కుక్కల కీళ్లనొప్పికి ఇవి పనిచేస్తాయనడానికి ఆధారం బలంగా లేదు. ఒమేగా-3 ఉన్న చేపనూనెకి అంతకంటే మంచి ఆధారం ఉంది. మోతాదు డాక్టరు బరువుని బట్టి చెప్పాలి. కాడ్ లివర్ ఆయిల్ ఇది కాదు. అందులో విటమిన్ ఏ, డి ఉంటాయి, ఎక్కువైతే హాని చేస్తాయి.

వీటన్నిటి కంటే ఖర్చులేనిది, గట్టి ఆధారం ఉన్నది బరువు తగ్గించడం. పెంపుడు జంతువుల ఆహారం చేసే ప్యూరినా సంస్థ 48 ల్యాబ్రడార్లను జీవితాంతం గమనించి 2002లో ఫలితాలు ప్రకటించింది. 25 శాతం తక్కువ తిన్నవి సగటున దాదాపు 1.8 ఏళ్లు ఎక్కువ బతికాయి, వాటికి కీళ్లనొప్పి మందు అవసరం కూడా ఆలస్యంగా వచ్చింది. ఇప్పటికే లావుగా ఉండి కుంటుతున్న కుక్క శరీర బరువులో 6 శాతం తగ్గినా కుంటు తగ్గుతుంది. 35 కిలోల కుక్కకి అది రెండు కిలోల పైచిలుకు. పెరుగన్నం తినే కుక్కకి తగ్గించాల్సింది అన్నం. గుడ్డు, కోడిమాంసం తగ్గిస్తే కండ పోతుంది. ఆ ఖాళీలో ఉప్పు లేకుండా ఉడికించిన సొరకాయ, బీన్స్ పెట్టండి.

నొప్పి మందుల విషయంలో ఇంట్లో ఉన్న మాత్ర వేయకండి. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేసి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. డాక్టర్లు తరచుగా రాసే మెలాక్సికామ్ మోతాదు మొదటి రోజు కిలోకి 0.2 మి.గ్రా., ఆ తర్వాత రోజుకోసారి 0.1 మి.గ్రా. అంటే 10 కిలోల కుక్కకి రోజుకి 1 మి.గ్రా. మనుషుల మాత్ర 7.5 మి.గ్రా.లో వస్తుంది. సగం విరిచి వేసినా దాదాపు నాలుగు రెట్లు. కుక్కల కోసం చేసిన ద్రావణం, దాంతో వచ్చే సిరంజీ వాడండి, తిన్నాకే ఇవ్వండి. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడుతుంటే డాక్టరుకి ముందే చెప్పండి, రెండూ కలవకూడదు. తిండి మానేసినా, వాంతులైనా, మలం నల్లగా వచ్చినా మందు ఆపి వెంటనే ఫోన్ చేయండి. నొప్పి బామ్‌లు, జెల్‌లు కీలు మీద రాయొద్దు, కుక్క నాకేస్తుంది.

పనిచేస్తోందో లేదో చూసే పద్ధతి

కొత్తగా ఏది మొదలుపెట్టినా ముందు రోజు ఫోన్‌లో వీడియో తీయండి. పొద్దున నిద్ర లేచే సమయం, అదే చోటు. లేవడానికి ఎన్ని ప్రయత్నాలు, ఎన్ని సెకన్లు పట్టాయో రాసుకోండి. రెండు వారాల తర్వాత అదే సమయానికి, అదే చోట మళ్లీ తీయండి. ఒకేసారి రెండు మార్పులు చేయకండి, ఏది పనిచేసిందో తెలియదు.

మ్యాట్ వేసిన మొదటి రెండు మూడు రోజులు చాలా కుక్కలు దాని పక్కనే టైల్ మీద నడుస్తాయి. బలవంతంగా లాగొద్దు. ఉడికించిన కోడిమాంసం సన్నటి పోగులుగా చీల్చి, మ్యాట్ పొడుగునా అడుగుకొకటి పెట్టండి. పూటకోసారి అలా చేస్తే మూడో రోజుకి పాదాలు ఆ గీతల మీదే పడతాయి.