జాబిక్స్‌లో వీఎం పేర్లు తప్పుగా కనిపిస్తే: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

వర్చువల్ మెషీన్లను (వీఎం) నిర్వహించే వీఎంవేర్ వీసెంటర్‌ను, సర్వర్లను మానిటర్ చేసే జాబిక్స్‌కు కలిపి ఏళ్లుగా వాడుతున్నాను. నాకు బాగా నచ్చింది ఒకటుంది: వీఎంను జాబిక్స్ పేరును బట్టి కాదు, యూయూఐడీని (ఒక్కో వీఎంకు ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) బట్టి గుర్తుపడుతుంది. వీసెంటర్‌లో ఎవరు పేరు మార్చినా పాత గ్రాఫులు, హిస్టరీ చెక్కుచెదరవు. కొత్త పేరు తర్వాతి డిస్కవరీలో (వీఎంల జాబితాను మళ్లీ తెచ్చుకునే పని) వస్తుంది. వీసెంటర్ నుంచి డేటా తెచ్చే జాబిక్స్ కలెక్టర్ డిఫాల్టుగా 60 సెకన్లకోసారి తెచ్చినా, టెంప్లేటులోని (రెడీమేడ్ సెట్టింగుల సెట్) వీఎం డిస్కవరీ రూలు గంటకోసారే నడుస్తుంది. తొందరైతే రూలు తెరిచి ‘ఎగ్జిక్యూట్ నౌ’ నొక్కండి. డిస్కవరీలో వచ్చిన హోస్టు (జాబిక్స్‌లో ఒక్కో వీఎంకు ఉండే ఎంట్రీ) పేరును చేత్తో మార్చే వీల్లేదు, ఆ ప్రయత్నం మానేయండి.

గంట దాటినా పేరు సరికాకపోతే ముందుగా పాత హోస్టును అనుమానించాలి. బ్యాకప్ నుంచి వీఎంను కొత్తదిగా రీస్టోర్ చేస్తే పేరు అదే అయినా యూయూఐడీ వేరు కావచ్చు. పాతది వీసెంటర్‌లో లేకపోయినా జాబిక్స్‌లో గడువు తీరేదాకా ఉంటుంది. 7.0కు ముందు వెర్షన్లలో ఆ గడువు డిఫాల్టుగా 30 రోజులు. రెండు హోస్టులకు ఒకే విజిబుల్ నేమ్ (తెరపై కనిపించే పేరు) కుదరదు కాబట్టి కొత్త వీఎం హోస్టుగా చేరనే చేరదు. ఆ సంగతి డిస్కవరీ రూల్స్ జాబితాలో, చివరి గడిలోని ఎర్ర గుర్తు మీద మౌస్ పెడితేనే తెలుస్తుంది. నా పెద్ద ఫిర్యాదు ఇదే. ప్రొడక్షన్ సర్వర్ మానిటరింగ్ లేకుండా నడుస్తుంటే ఇంత గుట్టుగా చెప్పడం సరికాదు. పాత హిస్టరీ అక్కర్లేదని నిర్ధారించుకుని పాత హోస్టును డిలీట్ చేయండి, రూలును మళ్లీ నడపండి. వీసెంటర్‌ను, దాని కిందున్న ఈఎస్‌ఎక్స్‌ఐని (వీఎంలను నడిపే హైపర్‌వైజర్) విడివిడిగా చేర్చినా ఇదే గొడవ. వీసెంటర్ ఒక్కటే ఉంచండి.

వేర్వేరు డేటాసెంటర్లలో ఒకే పేరున్న వీఎంలుంటే, హోస్ట్ ప్రోటోటైప్‌లోని (డిస్కవరీ హోస్టులను తయారుచేసే నమూనా) విజిబుల్ నేమ్‌లో వీఎం పేరు మాక్రో (అసలు విలువ వచ్చి చేరే గుర్తు) పక్కన డేటాసెంటర్ పేరు మాక్రో కూడా పెట్టండి. హైపర్‌వైజర్ పేరు మాత్రం వద్దు. డీఆర్‌ఎస్ (లోడును సర్దే వీఎంవేర్ సదుపాయం) వీఎంను వేరే హైపర్‌వైజర్‌కు జరిపినప్పుడల్లా పేరు మారిపోతుంది. ఈ మార్పు టెంప్లేటు కాపీలో చేయండి. అసలుదాంట్లో చేస్తే కొత్త వెర్షన్ ఇంపోర్ట్ చేసినప్పుడు పోవచ్చు. పేరు బదులు యూయూఐడీయే కనిపిస్తుంటే విజిబుల్ నేమ్ గడి ఖాళీగా ఉన్నట్టే.

విండోస్ లేదా లినక్స్ లోపలి హోస్ట్‌నేమ్‌తో పోల్చి తప్పు అనుకోకండి. జాబిక్స్ చూపేది వీసెంటర్ ఇన్వెంటరీలోని పేరు. డేటాస్టోర్‌లో (వీఎం ఫైళ్లుండే స్టోరేజీ) ఫోల్డర్ పాత పేరుతోనే ఉండటం కూడా మామూలే, రీనేమ్ చేసినంత మాత్రాన అది మారదు. వీసెంటర్‌లోనే పేరు స్థానంలో వీఎంఎక్స్ (వీఎం సెట్టింగుల) ఫైలు పాత్ కనిపిస్తుంటే జాబిక్స్‌లో వెతకడం దండగ. ఆ డేటాస్టోర్ అందుతోందో లేదో చూడాలి.

ట్రిగ్గర్ (అలర్టు ఎప్పుడు రావాలో చెప్పే నియమం) పేరులో హోస్ట్ నేమ్ మాక్రో వాడి ఉంటే, అప్పటికే తెరిచి ఉన్న అలర్టులో పాత పేరే ఉంటుంది. ఈవెంటు పుట్టినప్పుడే ఆ పేరు డేటాబేస్‌లో పడిపోతుంది. అలర్టు మూతపడి మళ్లీ వస్తే కొత్త పేరుతో వస్తుంది.