రొట్టెల పండుగ మైదానం, నెల్లూరు: కాంక్రీటు వేస్తే బాగుపడుతుందా?

స్వర్ణాల చెరువు ఒడ్డున, బారాషహీద్ దర్గా దగ్గరి ఈ చోటుకి జాతర స్థలంగా 5కి 3 మార్కులు. చెరువులో దిగి రొట్టెలు మార్చుకోవడానికి ఇంతకన్నా అనువైన చోటు లేదు. తక్కువైందల్లా నేల, కరెంటు, మరుగుదొడ్లు.

ఇలాంటి మైదానాన్ని బాగుచేద్దామనగానే ఊరు రెండుగా చీలుతుంది. ఒకరు మొత్తం కాంక్రీటు, పక్కా షాపులు అంటారు. ఇంకొకరు మట్టి జోలికి పోవద్దంటారు. మా ఓటు మధ్యలో.

కాంక్రీటు మీద డేరా మేకు దిగదు. ఇనుప కొక్కేలు పెట్టకపోతే ఇసుక మూటలే గతి, అవి పెనుగాలికి ఆగవు. అలాగని వట్టి మట్టీ పనికిరాదు. వానకి నాని ఒక పక్క కుంగిందంటే జెయింట్ వీల్ ఒరుగుతుంది, కింద చెక్క దిమ్మెలు వేసినా సరే. నడక దారులకీ, బరువైన ఆటలకీ గట్టి నేల, మిగతాది దిమ్మిస కొట్టిన గ్రావెల్, 100 అడుగులకి అడుగు వాలు చాలు. వాలు కాలువలోకి ఉండాలి, చెరువులోకి కాదు.

ప్రతి అంగడి లైనుకీ ఎర్తింగు, 30 మిల్లీఆంపియర్ల ట్రిప్పర్ (కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసేది) తప్పనిసరి. తడి కాళ్ళ జనం మరి!

పక్కా షాపులొద్దు. పండుగనాడు దారికి అడ్డం, మిగతా రోజులు తాళం.

పనుల తేదీలు వేసేటప్పుడు ఒకటి చూసుకోవాలి: ఈ పండుగ వచ్చే మొహర్రం ఏటా దాదాపు 11 రోజులు ముందే వస్తుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు.