బీటిల్ ఇంజిన్ విమానానికి: టాపెట్లు చేత్తో సెట్ చేసుకోవడమే నాకు నచ్చింది

బీటిల్ కారు ఇంజిన్‌ని సొంత విమానానికి మార్చుకున్నవాళ్లు ఎక్కువగా విసుక్కునేది ఒకదానికే: వాల్వుల గ్యాప్‌ని వాటంతటవే సరిచేసుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లు లేవు, మాటిమాటికీ టాపెట్లు, అంటే ఆ గ్యాప్, మనమే చూసుకోవాలి అని. నాకు మాత్రం ఈ ఇంజిన్‌లో అన్నిటికన్నా నచ్చింది అదే. నా 1835 సీసీ రీబిల్డ్‌ని ప్రొపెల్లర్ తగిలించి, బెజవాడ ఎండల్లో కూడా టెస్ట్ స్టాండ్ మీద నడుపుతూ వస్తున్నాను. హెడ్డూ పిస్టనూ ఇవాళ దక్కాయంటే ఆ టాపెట్ల పుణ్యమే.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, వాల్వు కాడకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య గ్యాప్ 0.15 మిల్లీమీటర్లు పెడతాం. మిగతా వాల్వులన్నీ అక్కడే నిలబడ్డాయి. ఒకటో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు మాత్రం చూసిన ప్రతిసారీ బిగుసుకునే ఉండేది. సెట్ చేస్తాను, కొన్ని గంటలు నడుపుతాను, గ్యాప్ కొలిచే సన్నని రేకు, ఫీలర్ గేజ్, మళ్లీ దూరదు. గ్యాప్ పెరిగితే ఏదో అరిగిందనో, నట్టు వదులైందనో అనుకోవచ్చు. తగ్గుతోందంటే వాల్వైనా సాగుతూ ఉండాలి, మూసుకున్నప్పుడు వాల్వు ఆనే సీటైనా హెడ్ లోపలికి దిగుతూ ఉండాలి. సాగిన వాల్వు తల తెగి సిలిండర్లో పడిందంటే ఇక ఆ ఇంజిన్ ఆగిపోయినట్టే. గాలిలో అలా జరిగితే? తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

పిస్టన్‌ని కంప్రెషన్ మీద పైకి తెచ్చి, మా తమ్ముడు ప్రొపెల్లర్ని కదలకుండా పట్టుకుంటే, లీకు ఎక్కడుందో చూద్దామని సిలిండర్లోకి 80 పీఎస్ఐ ఒత్తిడితో గాలి ఎక్కించాను. ఎగ్జాస్ట్ పైపు దగ్గర చెవి పెడితే బుస్సుమంటోంది, అంటే ఆ వాల్వు సరిగ్గా మూసుకోవట్లేదు. పాత కార్లలో అయితే అందరూ ముందు మూడో సిలిండర్‌నే అనుమానిస్తారు, దానికి వెళ్లే గాలికి ఆయిల్ కూలర్ అడ్డం కాబట్టి. నా ఇంజిన్‌కి కూలర్ ఆ చోట లేదు.

హెడ్ విప్పి ఆటోనగర్‌లో లేత్ పని చేసే బాబాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన వాల్వు అంచుకి నీలం పూసి, సీటు మీద పెట్టి కొద్దిగా తిప్పి పైకి తీశారు. సీటు మీద పడ్డ గీత వెంట్రుకంత సన్నగా ఉంది, ఒక పక్క అసలు పడనే లేదు. "సీటు ఇట్టా కోస్తే వాల్వుకి వేడి దిగే దారేది బాబూ?" అన్నారు. నిజమే. ఎగ్జాస్ట్ వాల్వు వేడి ఎక్కువగా సీటు ద్వారానే హెడ్‌లోకి పోవాలి. మొదట ఆ సీట్లు కోసింది వేరే షాపు. అడిగితే "కార్లకి ఇట్టాగే చేస్తామండీ" అన్నారు. కారు రోడ్డు మీద నిండు థ్రాటిల్‌తో అంతంతసేపు నడవదు కదా!

బాబాయ్ సీట్లు మళ్లీ కోసి, వాల్వు కాడ జారే గొట్టాలు, అంటే గైడ్లు, మార్చి, కొత్త స్టెయిన్‌లెస్ వాల్వులు కూర్చోబెట్టారు. అప్పటినుంచి ఆ గ్యాప్ కదల్లేదు.

రీబిల్డ్ మొత్తం ఆటోనగర్‌లోనే అయిపోతుందని చాలామందికి చెప్పాను. క్రాంక్, కేసు పనుల వరకు ఇప్పుడూ అదే చెబుతాను. హెడ్ల పని మాత్రం మనిషిని చూసి ఇవ్వాలి. ఈ ఇంజిన్ ఉన్న పాత బీటిల్ తయారీ 2003లో మెక్సికోలో ఆగిపోయినా విడిభాగాలు కొత్తవి దొరుకుతూనే ఉన్నాయి. కాకపోతే నేను బయటి దేశం నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది, డబ్బు కంటే ఎదురుచూపే ఎక్కువైంది.

నా విమానానికి పర్మిట్ ఇంకా రాలేదు, కాబట్టి ఇదంతా నేల మీద నడిపినంత వరకే. ఒక్కరు కూర్చునే తేలికపాటి విమానానికైతే, పక్కనే ఇలాంటి లేత్ మనిషి ఉంటే, నేను మళ్లీ ఇదే ఇంజిన్ తీసుకుంటాను. ఇద్దరు ఎక్కే విమానానికి, అందులోనూ మన ఎండల్లో, దాదాపు 60 హార్స్‌పవర్ చాలుతుందని నాకు నమ్మకం లేదు.