టెక్సస్‌లో ర్యాంచ్ కొంటున్నారా? బోరును నాలుగు గంటలు తోడించి చూశాకే ముందుకు వెళ్లండి

గత అక్టోబరులో డాలస్ శివారులోని ఇల్లు అమ్మేసి, స్టీఫెన్‌విల్ దాటాక ఈరాత్ కౌంటీలో 24 ఎకరాల ర్యాంచ్‌లోకి మారాం. వచ్చిన పదకొండో రోజు ఉదయం కుళాయిలో నీళ్లు ఆగిపోయాయి. అత్తయ్య స్నానం మధ్యలో ఉన్నారు. పిల్లలు బడికి బయలుదేరాలి. సగం అట్టపెట్టెలు ఇంకా విప్పనే లేదు. మావారు బోరు దగ్గరికి పరుగెత్తేసరికి మోటారు వట్టిగా తిరిగి తిరిగి కాలిపోయి ఉంది.

మాకు ఆ స్థలం అమ్మిపెట్టిన ఏజెంటు తెలుగువారే. పండుగ భోజనాల్లో పరిచయమై, మావారిని తమ్ముడూ అని పిలిచేవారు. ‘నిమిషానికి 15 గ్యాలన్ల బోరు, నీళ్లకు దిగులే లేదు’ అని ఆయన చెప్పారు, ప్రకటనలోనూ అదే ఉంది. చూడటానికి వెళ్లిన రోజు కుళాయిలన్నీ ధారగా పారాయి. ఇంటి ఇన్‌స్పెక్టరు కూడా ఒత్తిడి బాగుందని రాశారు. కానీ ఆ ఒత్తిడి బోరుది కాదు, ఇంటి వెనక ఉన్న 2,500 గ్యాలన్ల ట్యాంకుది. ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు ఎండిన బోరు మీద కట్టిన ఇల్లయినా నీళ్లు పుష్కలంగా ఉన్నట్టే కనిపిస్తుంది. ట్యాంకు వెనక బోరు ఎంత ఇస్తోందో కొలవడం ఇన్‌స్పెక్టరు పనిలో భాగం కాదు. అమ్మేవారు నింపి ఇచ్చే వివరాల పత్రంలో నీటి వసతి దగ్గర ‘బావి’ అని ఒక గుర్తు పెడితే సరిపోతుంది. అందులో ఎన్ని నీళ్లున్నాయో ఎవరూ రాయరు.

మోటారు మార్చడానికి వచ్చిన డ్రిల్లరు నాలుగు గంటలు తోడి చూశారు. మొదటి ఇరవై నిమిషాలు బాగానే వచ్చాయి. ఆ తర్వాత పడిపోయి, నిమిషానికి గ్యాలనులో మూడో వంతు దగ్గర నిలిచింది. అంటే రోజంతా తోడినా 480 గ్యాలన్లు. మేం ఐదుగురం, 12 ఆవులు, కొత్తగా నాటిన మొక్కలు. టెక్సస్ ఎండాకాలంలో ఒక్క ఆవే రోజుకు 20 గ్యాలన్లకు పైగా తాగుతుంది. ట్యాంకు ఎందుకు ఖాళీ అయిందో లెక్క వేయడానికి మాకు రెండు నిమిషాలు పట్టలేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ తర్వాత తెలిసిన విషయం. ఈ రాష్ట్రంలో బోరు వేసిన డ్రిల్లరు దాని లోతు, తగిలిన రాతి పొరలు, వచ్చిన నీళ్లు రాసి ప్రభుత్వానికి నివేదిక ఇవ్వాలి. టెక్సస్ వాటర్ డెవలప్‌మెంట్ బోర్డు వాటిని అందరికీ ఉచితంగా చూపిస్తుంది. మా బోరు నివేదికలో, అది తవ్విన రోజే నిమిషానికి 3 గ్యాలన్లని ఉంది. ప్రకటనలోని 15 ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఎవరూ చెప్పలేదు. వేసవిలో ఆ గేటులోకి నీళ్ల ట్యాంకరు వెళ్లడం చూశానని పక్క ర్యాంచ్ పెద్దాయన చెప్పారు. ఆయన మంచి మనిషి, మోటారు కాలిన రోజు మా ఆవులకు తన తొట్టి నుంచే నీళ్లు పెట్టారు. కొనే ముందు ఒక్కసారి ఆయన గడప తొక్కి ఉంటే ఈ మాట అప్పుడే తెలిసేది. దయచేసి మీరు కొనబోయే చోట ఇరుగుపొరుగులను వెళ్లి కలవండి.

నేను పుట్టి పెరిగింది అనంతపురం జిల్లాలో. మా నాన్న వేయించిన ఐదు బోర్లలో మూడు ఎండిపోయాయి. నీళ్లు చూడకుండా నేల కొనకూడదని మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అయినా అమెరికాలో ఇన్ని తనిఖీలూ ఇన్ని పత్రాలూ ఉన్నాయి కదా, ఎవరో ఒకరు చూసే ఉంటారని నమ్మాం.

తప్పించుకునే దారి మా చేతిలోనే ఉండేది. టెక్సస్ ఒప్పందంలో కొద్దిపాటి రుసుము కట్టి ‘ఆప్షన్ పీరియడ్’ తీసుకోవచ్చు. ఆ గడువులోగా ఏ కారణం చెప్పకుండానైనా వెనక్కి తగ్గవచ్చు. ‘వేరే వాళ్లు కాచుకుని ఉన్నారు, ఎక్కువ రోజులు అడిగితే చేజారిపోతుంది’ అని ఏజెంటు తొందరపెట్టడంతో ఐదు రోజులకే ఒప్పుకున్నాం. పల్లె ప్రాంతంలో ఐదు రోజుల్లో బోరు డ్రిల్లరు దొరకడం కష్టం. మాకు దొరకలేదు. పల్లె భూమికి కనీసం రెండు వారాలు అడగండి. ఇవ్వకపోతే ఆ స్థలం వదిలేయండి.

కొత్త బోరు వేసినా హామీ లేదు. ఇక్కడ భూమి కింద నీరు తోడుకున్నవారిదే. 1904లో టెక్సస్ సుప్రీంకోర్టు ఒక రైల్వే కంపెనీ కేసులో అలా తేల్చింది. పక్కవారు ద్వేషంతోనో వృథాగానో తోడితే తప్ప, మీ బోరు ఎండినా వారిని నిలదీయలేరు. కొంత అదుపు ఉన్నది ‘భూగర్భ జల సంరక్షణ జిల్లాలు’ అనే స్థానిక సంస్థల చేతిలోనే. మా కౌంటీకి అలాంటి కార్యాలయం స్టీఫెన్‌విల్‌లోనే ఉంది. కొనకముందే ఫోను చేసి చుట్టుపక్కల నీటిమట్టం ఎలా ఉందో అడగండి.

మరో రెండు మాటలు. మా మట్టిరోడ్డు పక్కవారి భూమి మీదుగా వస్తుంది. పత్రంలో మాకున్నది రాకపోకల హక్కు మాత్రమే, తీగలు వేసుకునే హక్కు లేదు. అందుకే ఇంటర్నెట్ కేబులు గేటు దాకా వచ్చి ఆగిపోయింది. ఇంటి నుంచి కంప్యూటర్ పని చేసుకునేవారు ఆ వాక్యాన్ని సంతకానికి ముందే న్యాయవాదికి చూపించండి. ఇక పన్ను. పాత యజమానికి ఉన్న వ్యవసాయ పన్ను తగ్గింపు మనకు దానంతట అది రాదు. మన పేరు మీద ఏప్రిల్ 30లోగా దరఖాస్తు పెట్టాలి. వ్యవసాయం మానేసి భూమిని వేరే పనికి వాడితే వెనకటి మూడేళ్ల పన్ను తేడా కట్టాలి. ఏజెంటు మాకు చెప్పింది ‘పన్ను చాలా తక్కువ’ అన్న ముక్క ఒక్కటే.

ఏడు ఆవులను అమ్మేశాం. కొత్త బోరుకు అడుగుతున్న ధర, వంటగది మార్చుకోవడానికి దాచుకున్న డబ్బుకు రెండింతలు. పై కప్పు వాన నీరు పట్టే తొట్టెలు పెట్టిస్తున్నాం. అప్పటిదాకా ప్రతి గురువారం ట్యాంకరు వస్తుంది, ఆ రోజే బట్టలు ఉతుకుతాం. మీలో ఎవరికైనా ఆప్షన్ పీరియడ్ గడువు ఇంకా మిగిలి ఉంటే, ఈ రోజే డ్రిల్లరుకు ఫోను చేయండి. ట్యాంకు గొట్టం విప్పించి, నేరుగా బోరు నుంచే తోడించమని చెప్పండి. ఆ నాలుగు గంటలూ దగ్గర నిలబడి చూడండి.