ఆరెంజ్ పై పీసీ బోర్డు సమీక్ష: యూఎస్‌బీ క్లాక్‌లు నేర్చుకునేవారికి ఎంతవరకు ఉపయోగం?

లైనక్స్ కెర్నెల్‌లో డ్రైవర్ల పని నేర్చుకోదలచినవారు ముందుగా కొనే చిన్న బోర్డు ఏదైనా ఎల్‌ఈడీ వెలిగించడం, సెన్సర్ చదవడం వంటి పాఠాలు చెబుతుంది. యూఎస్‌బీ కంట్రోలర్‌కు క్లాక్ (చిప్‌లోని భాగాలను లయ తప్పకుండా నడిపే సంకేతం) ఎక్కడి నుంచి వస్తుంది, కెర్నెల్ దానిని ఎప్పుడు తెరుస్తుంది, ఎప్పుడు మూస్తుంది అన్న పాఠం మాత్రం అన్ని బోర్డులూ చెప్పవు. ఆరెంజ్ పై పీసీని ఈ సమీక్షలో ఆ ఒక్క కోణం నుంచే చూస్తున్నాను. సినిమాలు ఎంత బాగా ఆడుతుంది, డెస్క్‌టాప్ ఎంత వేగంగా తెరుచుకుంటుంది అన్న విషయాల జోలికి వెళ్లడం లేదు.

షెన్‌జెన్‌కు చెందిన షున్‌లాంగ్ సంస్థ 2015లో విడుదల చేసిన ఈ బోర్డులో ఆల్‌విన్నర్ హెచ్3 చిప్, అందులో నాలుగు కార్టెక్స్ ఏ7 కోర్లు, 1 జీబీ మెమరీ ఉన్నాయి. నేటి లెక్కలో ఇది పాత సరుకే. అయితే దీనికి మూడు పెద్ద యూఎస్‌బీ పోర్టులు, ఒక మైక్రో యూఎస్‌బీ ఓటీజీ పోర్టు (హోస్ట్‌గానూ పరికరంగానూ పనిచేయగలది) ఉన్నాయి, ఆ మూడు పెద్ద పోర్టులూ మధ్యలో ఏ హబ్ లేకుండా నేరుగా చిప్‌లోని మూడు వేర్వేరు హోస్ట్ కంట్రోలర్ జంటలకు చేరతాయి. మా వాడుకకు దీని అసలు విలువ ఇక్కడే ఉంది. రాస్ప్‌బెర్రీ పై 3 బోర్డులో నాలుగు పోర్టులూ, ఈథర్‌నెట్ కూడా ఒకే హబ్ చిప్ గుండా ఒకే కంట్రోలర్‌కు వెళ్తాయి, ఆ కంట్రోలర్‌కు కరెంటు ఇమ్మని కెర్నెల్ ఫర్మ్‌వేర్‌ను అడగవలసి ఉంటుంది. వాడుకోవడానికి అది మంచి బోర్డే, కానీ క్లాక్‌ల పని తెర వెనుక జరిగిపోతుంది కనుక నేర్చుకునేవాడికి చూడడానికి ఏమీ మిగలదు. ఆరెంజ్ పైలో ఒక పోర్టు గేటును, అంటే క్లాక్‌ను వదిలే లేదా ఆపే స్విచ్‌ను, మూసి, పక్క పోర్టుకు ఏమీ కాకపోవడాన్ని కళ్లారా చూడవచ్చు.

హెచ్3లో యూఎస్‌బీకి సంబంధించిన క్లాక్‌లు మూడు రకాలు. మొదటిది బస్ గేటు. కంట్రోలర్ రిజిస్టర్లను (దానిని నియంత్రించే చిన్న మెమరీ గడులను) ప్రాసెసర్ చదవాలన్నా, కంట్రోలర్ మెమరీలోంచి డేటా తెచ్చుకోవాలన్నా ఇది తెరిచి ఉండాలి. రెండోది ఫై క్లాక్. ఫై అంటే కేబుల్ మీది విద్యుత్ సంకేతాలను పంపే, అందుకునే భాగం. బోర్డు మీది 24 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ నుంచి ఇది ఫై బ్లాకుకు చేరుతుంది, సెకనుకు 480 మెగాబిట్ల వేగానికి కావలసిన ఫ్రీక్వెన్సీని ఫై తన లోపలే తయారుచేసుకుంటుంది. మూడోది ఓహెచ్‌సీఐకి మాత్రమే కావలసిన ప్రత్యేక క్లాక్. ఒక పోర్టు వెనుక ఈహెచ్‌సీఐ, ఓహెచ్‌సీఐ అనే రెండు కంట్రోలర్లు ఉంటాయి. పెన్ డ్రైవ్ వంటి 480 మెగాబిట్ల పరికరాలను మొదటిది చూసుకుంటుంది, 12 మెగాబిట్ల, 1.5 మెగాబిట్ల పాత వేగాలతో నడిచే కీబోర్డులనూ మౌస్‌లనూ రెండోది చూసుకుంటుంది.

ఈ గేట్లన్నీ క్లాక్ కంట్రోల్ యూనిట్ అనే ఒకే బ్లాకులో, సాదా బిట్ల రూపంలో ఉన్నాయి. హెక్సా 60 ఆఫ్‌సెట్‌లోని రిజిస్టర్‌లో 23వ బిట్ ఓటీజీకి, 24 నుంచి 27 వరకు నాలుగు ఈహెచ్‌సీఐలకు (సున్నా నంబరు జంట ఓటీజీ పోర్టుది), 28 నుంచి 31 వరకు నాలుగు ఓహెచ్‌సీఐలకు బస్ గేట్లు. హెక్సా సీసీ ఆఫ్‌సెట్‌లోని రిజిస్టర్‌లో 0 నుంచి 3 వరకు ఫైల రీసెట్ బిట్లు, 8 నుంచి 11 వరకు ఫై క్లాక్‌లు, 16 నుంచి 19 వరకు ఓహెచ్‌సీఐ ప్రత్యేక క్లాక్‌లు. చిప్ మాన్యువల్‌ను ఒక పక్కన, కెర్నెల్‌లోని హెచ్3 క్లాక్ డ్రైవర్ ఫైలును మరో పక్కన పెట్టుకుంటే ఈ అంకెలు వరుసకు వరుస సరిపోతాయి. డ్రైవర్ ఫైలులో ఒక్కో గేటుకు ఒక్కో చిన్న వాక్యం ఉంటుంది: పేరు, తల్లి క్లాక్ పేరు, ఆఫ్‌సెట్, బిట్. క్లాక్ డ్రైవర్ అంటే భయపడేవారికి నేను ముందుగా చూపించేది ఈ ఫైలునే.

ఇక డివైస్ ట్రీ, అంటే బోర్డులో ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నెల్‌కు చెప్పే వివరణ. ఒకటో నంబరు ఈహెచ్‌సీఐ నోడ్ తనకు రెండు క్లాక్‌లు కావాలని చెబుతుంది: తన బస్ గేటు, తన జంటయైన ఓహెచ్‌సీఐ బస్ గేటు. ఓహెచ్‌సీఐ నోడ్ ఆ రెండింటితో పాటు తన ప్రత్యేక క్లాక్‌ను కూడా కలిపి మూడు అడుగుతుంది. ఒకదాని గేటును రెండోది కూడా పట్టుకుని ఉండడం మొదటిసారి చూసినవారికి పొరపాటుగా తోస్తుంది, కానీ ఒకే పోర్టును పంచుకునే జంటలో ఏ డ్రైవర్ ముందు లేచినా, ఏది ముందు దిగిపోయినా రెండోదాని కాళ్ల కింద నేల కదలకుండా ఉండేది ఈ ఏర్పాటు వల్లనే.

బోర్డు బూట్ అయ్యాక డీబగ్ ఫైల్‌సిస్టమ్‌లోని క్లాక్ సమ్మరీ ఫైలును తెరవండి. ఒకటో పోర్టుకు సంబంధించిన నాలుగు వరుసలను చూస్తే, ఈహెచ్‌సీఐ బస్ గేటు లెక్క (దానిని తెరవమని ఎందరు అడిగారన్న సంఖ్య) 2, ఓహెచ్‌సీఐ బస్ గేటు లెక్క 2, ఓహెచ్‌సీఐ ప్రత్యేక క్లాక్ లెక్క 1, ఫై క్లాక్ లెక్క 1 అని కనిపిస్తాయి. మొదటి రెండూ 2 ఎందుకో పై పేరాలోనే తేలిపోయింది. ఫైని కూడా రెండు కంట్రోలర్లూ వాడుకుంటున్నప్పుడు దాని లెక్క 1 దగ్గరే ఎందుకు ఆగిందన్నది మంచి ప్రశ్న. ఫైలకు కెర్నెల్‌లో వేరే ఫ్రేమ్‌వర్క్ ఉంది, అది తన సొంత లెక్క తానే పెట్టుకుని, మొదటివాడు అడిగినప్పుడు మాత్రమే ఫై డ్రైవర్‌ను నిజంగా పిలుస్తుంది. రెండోసారి అడిగినప్పుడు తన లెక్క పెంచుకుని ఊరుకుంటుంది కాబట్టి క్లాక్ ఫ్రేమ్‌వర్క్‌కు ఆ రెండో పిలుపు చేరదు. రెండు లెక్కలు ఒకదాని మీద ఒకటి ఎలా కూర్చుంటాయో ఇంత చిన్న ఉదాహరణలో చూపించే బోర్డు నాకు మరొకటి తారసపడలేదు. ఆ తరువాత ఈహెచ్‌సీఐ డ్రైవర్‌ను అన్‌బైండ్ చేస్తే బస్ గేట్ల లెక్కలు 1కి దిగుతాయి, ఓహెచ్‌సీఐని కూడా విడదీస్తే నాలుగూ సున్నా అవుతాయి, పక్క పోర్టులోని పెన్ డ్రైవ్ మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

ఈ లెక్కలు పెట్టేది కామన్ క్లాక్ ఫ్రేమ్‌వర్క్. 2012లో వచ్చిన లైనక్స్ 3.4తో ఇది కెర్నెల్‌లోకి చేరింది, దానికి ముందు ఒక్కో చిప్ కుటుంబం తన క్లాక్ వ్యవస్థను తానే రాసుకునేది. మైక్ టర్కెట్ నడిపించిన ఈ పనిలో నాకు బాగా నచ్చినది ప్రిపేర్, ఎనేబుల్ అనే రెండు మెట్లుగా విడదీయడం. పీఎల్ఎల్ (కావలసిన ఫ్రీక్వెన్సీని తయారుచేసే సర్క్యూట్) స్థిరపడేదాకా వేచి ఉండవలసిన పనులు మొదటి మెట్టులో జరుగుతాయి, అక్కడ నిద్రపోవడానికి అనుమతి ఉంది. గేటు బిట్ రాయడం వంటి క్షణంలో ముగిసే పనులు రెండో మెట్టులో, స్పిన్‌లాక్ (నిద్రపోకుండా వేచి ఉండే తాళం) పట్టుకుని జరుగుతాయి కనుక ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లోంచి కూడా పిలవవచ్చు. యూఎస్‌బీ డ్రైవర్లు సాధారణంగా రెండింటినీ కలిపి ఒకే పిలుపులో ముగిస్తాయి.

ఈ ఫ్రేమ్‌వర్క్‌తో నాకున్న పేచీ ఒకటే: అడిగినవాడికి లెక్క తప్పకుండా ఇస్తుంది, అడగడం మరచినవాడికి మాత్రం ఒక్క మాట కూడా చెప్పదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు కానీ ఇక్కడ కెర్నెల్ కంటే ముందు నడిచే బూట్‌లోడర్ అనే అమ్మమ్మ అడగకుండానే పెట్టి వెళ్లిపోతుంది. యూఎస్‌బీ నుంచి బూట్ అయ్యే ఏర్పాటులో బూట్‌లోడర్ కొన్ని గేట్లను తెరిచే వదిలేయవచ్చు. డివైస్ ట్రీలో ఆ క్లాక్‌ను రాయడం మరచినా, గేటు తెరిచే ఉంది కనుక డ్రైవర్ చక్కగా లేస్తుంది, పరికరం కనిపిస్తుంది. బూట్ చివరి దశలో కెర్నెల్ ఎవరూ అడగని క్లాక్‌లన్నింటినీ వెతికి మూసివేస్తుంది, అప్పుడు పనిచేస్తున్న పోర్టు ఒక్కసారిగా మూగబోతుంది. అదే డ్రైవర్‌ను విడి మాడ్యూల్‌గా కట్టి ఉంటే అది ఈ మూసివేత జరిగిన తరువాతే లోడ్ అవుతుంది కాబట్టి మొదటి నుంచే పనిచేయదు. ఒకే తప్పు రెండు కాన్ఫిగరేషన్లలో రెండు వేషాలు వేస్తుందన్నమాట. కెర్నెల్ కమాండ్ లైన్‌లో వాడని క్లాక్‌లను మూయవద్దన్న ఆప్షన్ ఇచ్చి చూడడం జబ్బు గుర్తించడానికి పనికివస్తుంది, అదే మందని ఉత్పత్తిలో వదిలేయడం మాత్రం తగదు. కొన్ని ఇతర చిప్‌లలో మూసిన గేటు వెనుక రిజిస్టర్‌ను తాకితే బోర్డు మొత్తం బిగుసుకుపోతుంది, కన్సోల్‌లో చివరి వాక్యం కూడా సగంలో ఆగుతుంది.

ప్రయోగానికి అనువైన తప్పు మరొకటి ఉంది. డివైస్ ట్రీలో ఓహెచ్‌సీఐ ప్రత్యేక క్లాక్‌ను మాత్రం తీసివేసి బోర్డును బూట్ చేయండి. పెన్ డ్రైవ్ పెడితే పనిచేస్తుంది, సాదా మౌస్ పెడితే పనిచేయదు. ఈహెచ్‌సీఐ తాను నడపలేని నెమ్మది పరికరాన్ని చూసి పోర్టును జంటకు అప్పగిస్తుంది, ఆ జంటకు ప్రాణం లేదు. పెన్ డ్రైవ్ పనిచేస్తోందని చూసి పోర్టు బాగుందని తేల్చేసేవారు ఎంతోమంది, అందుకే మౌస్ పెట్టి చూడనిదే నేను ఏ పోర్టునూ పాస్ చేయను.

బోర్డు నేర్పని విషయాలూ ఉన్నాయి. హెచ్3 యూఎస్‌బీ క్లాక్‌లన్నీ తెరవడం, మూయడం మాత్రమే తెలిసిన గేట్లు కాబట్టి రేటు మార్చడం, తల్లి క్లాక్‌ను ఎంచుకోవడం, డివైస్ ట్రీలో ముందుగానే రేటు నిర్దేశించడం వంటివి ఇక్కడ యూఎస్‌బీ ద్వారా అభ్యాసం కావు. దానికి తరువాతి మెట్టుగా రాక్‌చిప్ ఆర్‌కే3399 చిప్ ఉన్న బోర్డు తీసుకోవాలి. అందులోని డీడబ్ల్యూసీ3 అనే యూఎస్‌బీ 3 కంట్రోలర్ రిఫరెన్స్, బస్, సస్పెండ్ అనే మూడు పేర్లతో క్లాక్‌లు అడుగుతుంది, గేటు తెరిస్తే సరిపోదు, రేటు ఎంతో కూడా దానికి తెలియాలి. రిఫరెన్స్ క్లాక్ 24 మెగాహెర్ట్జ్ అనుకుందాం. ఒక్క టిక్ 41.67 నానోసెకన్లు, కానీ కంట్రోలర్ రిజిస్టర్‌లో పూర్ణాంకమే పడుతుంది కనుక డ్రైవర్ 41 అని రాస్తుంది. ఆ 41తోనే లెక్కపెడితే 125 మైక్రోసెకన్ల మైక్రోఫ్రేమ్‌లో (యూఎస్‌బీ తన సమయాన్ని విడగొట్టుకునే చిన్న ముక్కలో) సుమారు 2 మైక్రోసెకన్ల తేడా వస్తుంది, యూఎస్‌బీ 2.0 ప్రమాణం అనుమతించేది 62.5 నానోసెకన్లు మాత్రమే. ఇటీవలి కెర్నెళ్లు క్లాక్ రేటును అడిగి తెలుసుకుని, ఈ తేడాను 2032 అనే సవరణ విలువగా లెక్కగట్టి ఇంకో రిజిస్టర్‌లో రాస్తాయి. సస్పెండ్ క్లాక్ రేటును 16 కిలోహెర్ట్జ్‌తో భాగించి వచ్చిన సంఖ్యను, అంటే 24 మెగాహెర్ట్జ్ అయితే 1500ను, మరో చోట నింపుతాయి. డివైస్ ట్రీలో తప్పు క్లాక్‌ను చూపితే ఈ లెక్కలన్నీ ఏ ఫిర్యాదూ లేకుండా తప్పుతాయి. ఈ లోతు ఆరెంజ్ పై పీసీలో లేదు, మొదటి బోర్డులోనే ఇంత లోతు ఉండాలని నేను అనను కూడా.

వాడకంలో చిన్న చిక్కులు కొన్ని చెప్పాలి. మైక్రో యూఎస్‌బీ పోర్టు ద్వారా ఈ బోర్డుకు కరెంటు ఎక్కదు, 4 మిల్లీమీటర్ల గుండ్రటి పిన్ ఉన్న 5 వోల్టుల అడాప్టర్ వేరుగా కొనవలసిందే. ఓటీజీ పోర్టు వెనుక ఒకే ఫైని రెండు రకాల కంట్రోలర్లు పంచుకుంటాయి కనుక ఆరంభంలో సున్నా నంబరు జోలికి పోకుండా ఒకటి, రెండు, మూడు నంబర్ల పోర్టులతోనే ప్రయోగాలు చేయడం మేలు.

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో చిప్ కంపెనీలలో కెర్నెల్ ఉద్యోగానికి సిద్ధమవుతున్న మన విద్యార్థులకు ఈ బోర్డును నేను నిస్సంకోచంగా సూచిస్తాను. ఇంటర్వ్యూలో క్లాక్ ఎనేబుల్ లెక్క 2 ఎందుకైందని అడిగితే, చూసి చెప్పినవాడి జవాబుకూ చదివి చెప్పినవాడి జవాబుకూ తేడా వెంటనే తెలుస్తుంది. ఇప్పటికే ఉద్యోగంలో ఉండి యూఎస్‌బీ 3తో పని పడినవారు మాత్రం దీనిని దాటవేసి నేరుగా ఆర్‌కే3399 బోర్డుకు వెళ్లవచ్చు. కొనేవారు బోర్డుతో పాటు 3.3 వోల్టుల సీరియల్ కేబుల్, ఒక పెన్ డ్రైవ్, ఒక పాత వైరు మౌస్ కూడా దగ్గర పెట్టుకోవాలి. ఖరీదైన గేమింగ్ మౌస్ వద్దు, వాటిలో కొన్ని 480 మెగాబిట్ల వేగంతోనే నడుస్తాయి, అటువంటిది పెడితే ఓహెచ్‌సీఐని పరీక్షించినట్టే కాదు.